రుమాలమ్మ చెయ్యి

దివాణంలో గడియారాల గదికి కిటికీలు చిన్నవి. ఎండ తగిలితే పాత పట్టు చివికిపోతుందని పెద్దదొర అలా కట్టించాడు. గది నిండా ఆయన దేశదేశాల నుంచి తెప్పించుకున్న కీలుబొమ్మలూ, నగిషీ గడియారాలూ ఉండేవి. గంట కొట్టగానే తెరచాప ఎత్తే వెండి ఓడ, పంజరంలో తోక ఆడిస్తూ కూసే పిట్ట, బల్ల మీద పాక్కుంటూ పోయి అంచు రాగానే తనంతట తానే వెనక్కి తిరిగే తాబేలు. అన్నిటికీ కడుపులో స్ప్రింగే. కీ ఇస్తే ప్రాణం, కీ అయిపోతే ఇత్తడి.

వాటన్నిటికీ రాణి రుమాలమ్మ. నిలువెత్తు గడియారం మీద కూర్చున్న దంతపు మొహం బొమ్మ. గంట కొట్టగానే ఒళ్ళో ఉన్న తంత్రుల పెట్టె మీద వేళ్ళు ఆడించి ఒక చిన్న పాట వాయిస్తుంది. వాయిస్తున్నంతసేపూ ఆమె రొమ్ము ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ కదులుతుంది. పాట అయ్యాక తల తిప్పి అందరినీ ఒకసారి చూసి, కుడిచెయ్యి ఎత్తి రుమాలు ఊపుతుంది. వెళ్ళొస్తానన్నట్టు. చిన్నప్పుడు చిన్నదొర ఆ రుమాలు చూసి ప్రతిసారీ ఏడ్చేవాడట. బొమ్మ ఎక్కడికీ పోదని ఎంత చెప్పినా నమ్మేవాడు కాదట.

పెద్దదొర పోయాక ఆ గది చాలాకాలం మూతపడింది. చిన్నదొర ఇప్పుడు దాన్ని జనానికి చూపించాలనుకున్నాడు. అందుకని బాగుచేసేవాళ్ళను పెట్టుకున్నాడు. లోపలి చక్రాలూ స్ప్రింగులూ మేస్త్రీ పని. మొహాలూ జుట్టూ బట్టలూ సూదమ్మ పని. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చునేవారు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు.

“బాబాయ్, ఆ నూనె చేతులు నా పట్టు మీద పెట్టొద్దని చెప్పు.”

బాబాయ్ అంటే దివాణం కాపలాదారు. సూదమ్మ తండ్రికి తమ్ముడు. ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. ఆ పాపానికి బల్ల చివర స్టూలు మీద కూర్చుని మాటలు మోస్తున్నాడు.

“అల్లుడూ, నూనె చేతులట.”

“విన్నాను. ఆ గుడ్డపీలికలు నా ఇనుము మీద పడెయ్యొద్దని చెప్పు మావయ్యా.”

“అమ్మాయ్, ఇనుమట.”

“అది ఇనుము కాదు, తుప్పు అని చెప్పు.”

“అది నువ్వే చెప్పుకో తల్లీ. ముందు పళ్ళు లేనోణ్ణి. తుప్పు అంటే ఉమ్ము పడుద్ది.”

ఎవరూ నవ్వలేదు. ఆయనే నవ్వుకుని తలుపు వైపు చూశాడు.

వాళ్ళు అలా కావడానికి కారణం ఉంది. కిందటేడు సూదమ్మ తల్లికి ప్రాణం మీదికొచ్చిందని ఊరి నుంచి మనిషి గేటు దగ్గరికి వచ్చి చెప్పాడు. బాబాయ్ పరుగున వచ్చి మేస్త్రీకి చెప్పాడు. ఆ రోజు చిన్నదొర చుట్టాలు ఓడ గడియారం చూడ్డానికి వస్తున్నారు. సూదమ్మ తెరచాపలు కుడుతోంది. పని అయ్యాక నేను చెబుతాను మావయ్యా, నువ్వు వెళ్ళు అన్నాడు మేస్త్రీ. పని అయింది, చుట్టాలు చూశారు, మెచ్చుకున్నారు. పొద్దువాలాక చెప్పాడు. సూదమ్మ చేరేసరికి ఇంట్లో తల్లి మంచం కూడా తీసేశారు. బతికున్న మొహం చూడలేదు, చచ్చిన మొహమూ చూడలేదు. మనిషి పోవడం ఎవరి చేతిలోనూ లేదు. కానీ పోయేముందు ఒక చూపు, ఒక మాట, అవి చేతిలో ఉన్నవే. అవి లాక్కున్నవాణ్ణి ఎలా క్షమిస్తారు? ఆమె తిరిగొచ్చి తన బట్టలు మూట కట్టుకుని బాబాయ్ గదికి మారిపోయింది. ఆనాటి నుంచి మేస్త్రీతో మాట లేదు.

ఇప్పుడు ఆమెకు వేరే ఊరి మ్యూజియంలో చోటు దొరికింది. బొమ్మల బట్టలు చూసుకునే పనే. నెలాఖరులోగా రాకపోతే మరొకరిని పెట్టుకుంటామన్నారు. పాతచోట పని మధ్యలో వదిలి రాలేదని కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది దివాణం మేనేజరు.

“రుమాలమ్మ దొరగారి ముందు ఆట మొత్తం ఆడాలి సూదమ్మా. ఆడిన పూటే సంతకం పెడతాను. సగంలో వదిలేసి పోతానంటే నా ఉద్యోగానికే ఎసరు” అన్నాడు ఆయన.

బాగుచేస్తూ ఆడించి చూస్తే అంతా బాగానే నడిచింది. వేళ్ళు కదిలాయి, ఊపిరి ఆడింది, తల తిరిగింది. చెయ్యి మాత్రం లేవలేదు.

మేనేజరు వచ్చినప్పుడల్లా మేస్త్రీ ఒకటే మాట. “చేతి చువ్వ వంగిందండీ. కొత్తది సాగదియ్యాలి. కాస్త ఓపిక పట్టాలి.”

ఓపిక పట్టేకొద్దీ నెల కరిగిపోతోంది. సూదమ్మకు తిండి సయించడం మానేసింది. ఒకరోజు కొలతకని బొమ్మ లోపావడా కిందకి చెయ్యి పెట్టింది. చువ్వ వేళ్ళకు తగిలింది. ఎక్కడా వంకర లేదు. కింద కొసన ఊరికే వేలాడుతోంది. దాన్ని చక్రానికి కలిపే సీల ఉండాల్సిన చోట ఖాళీ బెజ్జం. బెజ్జం అంచున నూనె తడి ఇంకా ఆరలేదు.

ఆమె చెయ్యి బయటికి తీసి గుడ్డకి తుడుచుకుంది. ఎదురుగా మేస్త్రీ తల వంచుకుని తాబేలు కాలు రాకుతున్నాడు. చొక్కా జేబు మీద ఎడమచెయ్యి ఒకసారి ఆనించి తీశాడు.

“బాబాయ్, అడుగు. రుమాలమ్మ సీల ఎవరి జేబులో ఉందో అడుగు.”

బాబాయ్ ఇద్దరినీ చూశాడు. “అల్లుడూ...”

“సీలలు ఊడిపోతుంటాయి, కొత్తవి చేస్తాం అని చెప్పు.”

“పెళ్ళాన్ని కట్టేసుకోడానికి సీల కావాల్సొచ్చిందా అని అడుగు. తాళ్ళు లేవా అని అడుగు.”

“ఉండేదాన్ని కట్టెయ్యాల్సిన పని లేదు, పోయేదాన్ని కట్టినా ఆగదు అని చెప్పు.”

“ఒరేయ్ నాయనలారా, ఒక్కొక్కటీ చెప్పండ్రా, మోయలేకపోతున్నా” అన్నాడు బాబాయ్.

సూదమ్మ లేచి నిలబడింది. “బాబాయ్, ఇవాళ్టితో సరి. ఆయన మాట ఒక్కటి కూడా నా దగ్గరికి తేకు. మంచిదైనా తేకు, పని మాటైనా తేకు. తెచ్చావంటే నీ గదిలోంచి కూడా వెళ్ళిపోతాను. వరండాలో పడుకుంటాను.”

“ఒట్టు” అన్నాడు బాబాయ్, బరువు దిగినవాడిలా. “నాకూ అదే కావాలి.”

ఆ సాయంత్రం ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. సీల సంగతి చెప్పలేదు. చెప్పినా రుజువేది? వేరే మాట చెప్పింది. “మేస్త్రీకి ఆ చెయ్యి చేతకావడం లేదండీ. ఒప్పుకోడానికి నామోషీ. వేరేవాళ్ళను పిలిపించండి.”

మర్నాడు మేనేజరు గదిలోకి వచ్చి, తుడిచేవాళ్ళూ తోటమాలీ వింటుండగానే అన్నాడు. “ఏం మేస్త్రీ, నీ వల్ల కాదట కదా? ముందే చెప్పొచ్చుగా. ఎల్లుండి దొరగారూ, ఆయన మేనత్తా, అతిథులూ వస్తున్నారు. చెయ్యి లేవకపోతే బయటి మేస్త్రీని పిలిపిస్తున్నా. నువ్వు అతనికి పనిముట్లు అందిద్దువుగాని.”

తోటమాలి నవ్వాడు. మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. ఏ నింద వేసినా పడేవాడేమో. దొంగ అన్నా, పాపి అన్నా. కానీ ఆ గదిలో చేతకానివాడు అనిపించుకోవడం అతని వల్ల కాలేదు.

సూదమ్మ పట్టుదారం కొనడానికి బజారుకు వెళ్ళిన వేళ చూసుకుని, అతను జేబులోంచి సీల తీశాడు. పట్టుకారుతో బెజ్జంలోకి దించి, చిన్న సుత్తితో రెండు పోట్లు వేశాడు. కీ ఇచ్చి చూశాడు. బట్ట లేని రుమాలమ్మ, ఒళ్ళంతా ఇత్తడి పక్కటెముకలతో, తల తిప్పి చెయ్యి ఎత్తింది. ఎత్తడం కాదు, విసిరింది. అన్నాళ్ళు వాడని స్ప్రింగు కొత్త గుర్రంలా ఉంది.

అతను గేటు దగ్గరికి వెళ్ళాడు. “మావయ్యా, ఆవిడతో చెప్పు. చెయ్యి లేస్తోందని. జోరు ఎక్కువుంది, రవిక చెయ్యి వదులుగా ఉంచమను. ఎక్కడా పట్టెయ్యకూడదు.”

“నేను చెప్పను.”

“పని మాట మావయ్యా.”

“పని మాటైనా తేవొద్దంది. ఒట్టేశాను. నీకు నోరు లేదా? మూడడుగుల బల్ల. అటు తిరిగి చెప్పు.”

మేస్త్రీ తిరిగొచ్చాడు. సూదమ్మ అప్పటికే వచ్చి, కొత్త పట్టు పరిచి కత్తిరిస్తోంది. అతను బల్ల దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

సూదమ్మ గోడవైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. “కొందరు గొంతు సవరించుకునేలోపల మనుషులు చచ్చిపోతారు.”

అతను పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక సూదమ్మ పని మిగిలింది. చెయ్యి లేవదని ఆమెకు తెలుసు, అంటే తెలుసు అనుకుంది. లోపలికి మళ్ళీ చెయ్యి పెట్టి చూడలేదు. ఎందుకు చూడాలి? తన వేళ్ళతో తడిమిన ఖాళీ బెజ్జం, తన కళ్ళతో చూసిన జేబు. మేస్త్రీ పంతం ఆమెకు కొత్త కాదు. ఆమె ఉపాయం వేరే. చెయ్యి ఒళ్ళోనే ఉండే బొమ్మగా కుట్టెయ్యాలి. రుమాలు ఒళ్ళో అందంగా పరిచి, రవిక చేతి అంచును పావడాకి కలిపి కుట్టేస్తే, తల తిప్పి చూడటంతో ఆట ముగిసినట్టే ఉంటుంది. దొరకి చెయ్యి గుర్తుంటే, పాత పట్టు తట్టుకోదని చెప్పొచ్చు. దారం జంట చేసి, మైనం రాసి, కుట్టు కనపడకుండా లోపలి వైపు నుంచి కుట్టింది. మైనం రాసిన జంట పట్టుదారం తెంచడం ఎద్దు వల్ల కూడా కాదు.

బట్టలు తొడిగాక నడిపి చూసుకుంటే బాగుండేది. కానీ దివాణంలో పెద్దదొర నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. బట్టలు తొడిగిన బొమ్మ పనివాళ్ళ ముందు ఆడదు. ముందు దొర చూడాలి, తర్వాతే ఎవరైనా. ఆ పద్ధతిని ఎవరూ మీరలేదు.

చెప్పిన రోజు ఉదయం చిన్నదొర వచ్చాడు. తల నెరిసినా ఆయన ఇంకా చిన్నదొరే. వెంట చేతికర్రతో మేనత్త, మరికొందరు. ఓడ తెరచాప ఎత్తింది, పిట్ట కూసింది. తాబేలు అంచుదాకా పాకి వెనక్కి తిరిగినప్పుడు మేనత్త, “మీ మావయ్యకి ఆపాటి బుద్ధి ఉంటే ఆస్తి మిగిలేది” అంది. అందరూ నవ్వారు.

తర్వాత రుమాలమ్మ. మేస్త్రీ కీ ఇచ్చాడు. గడియారానికి ఒక పక్క అతను, ఇంకో పక్క సూదమ్మ. అతని చూపు రవిక కుడిచేతి మీద పడింది. రుమాలు ఒళ్ళో మరీ సాఫీగా, మరీ బిగువుగా పరిచి ఉంది. అతని మొహం మారింది. అప్పటికే గంట కొట్టింది.

వేళ్ళు ఆడాయి. పాట మొదలైంది. రొమ్ము పైకి లేచి దిగింది. గదిలో ఎవరూ ఊపిరి తియ్యలేదు, ఆమె ఒక్కతే తీస్తోంది. పాట అయింది. తల తిరిగింది. సూదమ్మ అమ్మయ్య అనుకోబోయింది. అప్పుడు రవిక చేతి లోపల ఏదో గుంజింది. భుజం ఉబ్బింది. పట్టు సాగింది, దారం తెగలేదు. చెయ్యి పైకి రాలేక, ఒంటినే కిందికి లాక్కుంది. రుమాలమ్మ నడుము దగ్గర వంగింది, ఇంకా వంగింది. లోపల వక్క నలిగినట్టు చిన్న చప్పుడైంది. తల ముందుకు వాలి గుండెల మీద ఆగిపోయింది.

తర్వాత చప్పట్లు.

“వంగి వందనం చేసిందే!” అంది మేనత్త. “రుమాలు ఊపేది కదరా అబ్బాయ్? ఇది ఇంకా బాగుంది. మళ్ళీ ఆడించండి.”

“ఆడించు మేస్త్రీ” అన్నాడు మేనేజరు, వెలిగిపోతూ.

మేస్త్రీ చెయ్యి కీ మీదికి వెళ్ళింది. ఒక్క తిప్పు తిప్పితే చాలు, అందరికీ తెలిసిపోతుంది. ఆట మొత్తం ఆడలేదని తేలిపోతుంది. కాగితం ఉండదు, ప్రయాణం ఉండదు. అతను తిప్పుతాడనే సూదమ్మ అనుకుంది. కిందటేడు నుంచి మూసిన నోరు తెరిచింది.

“తిప్పకు.”

మేస్త్రీ ఆమెను చూశాడు. “అయితే మాటలొచ్చాయన్నమాట.”

“తిప్పావంటే తల ఊడి కిందపడుతుంది.”

“కుట్టినప్పుడు తెలీలేదా?”

“సీల దాచినవాడికి తెలీలేదా?”

“పెట్టాను! చెప్పమని మీ బాబాయ్‌ని అడిగితే చెప్పనన్నాడు. ఆయనకి ఒట్టు పెట్టిందెవరు?”

“నువ్వు చెప్పొచ్చుగా. ఇక్కడే ఉన్నావుగా.”

“చెప్పనిచ్చావా?”

దొర ముందు అలా గొడవపడటం చూసి తలుపు దగ్గర బాబాయ్ నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. మేనేజరు వెలుగంతా ఆరిపోయింది.

“ఏంటిది? ఏం జరిగింది?”

“అది వందనం కాదండీ” అన్నాడు మేస్త్రీ దొరతో. “మెడ విరిగింది.” చప్పట్లు కొట్టినవాళ్ళ చేతులు కిందికి దిగాయి. ఆ చప్పట్లు అతనికి తిట్టులా తగిలాయేమో, మొహం అలాగే ఉంది.

“అయితే బాగుచెయ్యండి” అన్నాడు మేనేజరు. “అది బాగయ్యేదాకా సూదమ్మ ఎక్కడికీ పోదు. చెప్పానుగా, ఆట మొత్తం ఆడాలి.”

మేస్త్రీకి కావాల్సింది అదే. ఎవరూ అడక్కుండానే అతని చేతిలోకి వచ్చి పడింది. అతను రుమాలమ్మ గడ్డం కింద వేలు పెట్టి తల కొంచెం ఎత్తి చూశాడు, మళ్ళీ వాలనిచ్చాడు.

“ఇది బాగు కాదండీ. దంతం లోపలిదాకా చీలింది. మీరు ఈవిణ్ణి ముసలిదయ్యేదాకా ఇక్కడ కూర్చోబెట్టినా కాదు. నాకు మాత్రం ఈ మొహం రోజూ ఎదురుగా ఉండక్కర్లేదు.”

ఏ మొహమో చెప్పలేదు.

చిన్నదొర సూదమ్మ వైపు తిరిగాడు. కోపం లేదు ఆయన గొంతులో. “మొహాల పని నీది కదమ్మా. నువ్వు చెప్పు. అతుకుతుందా?”

అతుకుతుంది. మెడ చుట్టూ సన్నటి ఇత్తడి పట్టీ వేసి, చీలికలో దంతపు పొడి కూరి అతికించి, పైన గళపట్టీ కప్పితే, విరిగిందని దేవుడికి కూడా తెలీదు. ఇంతకన్నా పాడైన మొహాలు ఆమె నిలబెట్టింది. ఈ మొహానికి కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా అతికించింది తనే. బుగ్గకు రంగు అద్దింది తనే. అతుకుతుంది అంటే రుమాలమ్మ బతుకుతుంది, నెలాఖరు దాటిపోతుంది. అతకదు అంటే తను వెళుతుంది.

“అతకదండీ” అంది.

దొర ఆమెనే చాలాసేపు చూశాడు. అబద్ధమని పసిగట్టాడో, చిన్నప్పటి రుమాలు గుర్తొచ్చిందో. “అతకదంటే అతకదు. అలాగే అద్దాల పెట్టెలో పెట్టండి. ఇక కీ ఇవ్వొద్దు” అని మేనేజరు వైపు చూశాడు. “లేని పనికి మనిషిని ఎందుకు ఆపడం? సంతకం పెట్టి పంపించు.”

అందరూ వెళ్ళాక గదిలో ముగ్గురే మిగిలారు. సంతకం తెస్తానని బాబాయ్ కూడా జారుకున్నాడు. స్ప్రింగులో ఇంకా బలం మిగిలే ఉంది. అలా వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు విదిలిస్తుంది. దాన్ని మెల్లగా దించాలి. ఒకరు కీ పట్టుకుని వెనక్కి వదులుతుంటే, ఒకరు బొమ్మను కదలకుండా పట్టుకోవాలి.

“తల పట్టుకో” అన్నాడు మేస్త్రీ.

“తెలుసు.”

“గట్టిగా కాదు.”

“నాకు నేర్పకు.”

అతను కీని కొద్దికొద్దిగా వదిలాడు. లోపల పన్ను పన్నుకీ టిక్కుమంటోంది. రుమాలమ్మ జుట్టు సూదమ్మ అరచేతికి తగులుతోంది.

“అతుకుతుందని నీకు తెలుసు” అన్నాడు.

“నీకూ తెలుసు.”

“నాకు తెలీదు. దంతం నా పని కాదు.”

“మరి కాదని ఎలా చెప్పావు?”

అతను కీని ఇంకో రెండు పళ్ళు వదిలాడు.

“ఆరోజు చెబితే పనొదిలి వెళ్ళిపోయేదానివి” అన్నాడు ఉన్నట్టుండి.

“వెళ్ళి, చూసి, తిరిగొచ్చేదాన్ని.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు వెళ్ళడమే.”

“వెళ్ళు. ఎవరాపారు?”

“నువ్వే. నెలంతా.”

“ఈ పూట ఆపలేదుగా.”

“దానికి దణ్ణం పెట్టాలా?”

“పెట్టొద్దు. మెడ వంకరగా పట్టుకున్నావ్, సరిగ్గా పట్టుకో.”

కీ తేలిక అయింది. అతను చెయ్యి తీశాడు. లోపల ఇంకేమీ మిగల్లేదు.

“దిగిపోయింది. ఇంక పట్టుకోనక్కర్లేదు.”

సూదమ్మ మరికాసేపు పట్టుకునే ఉంది. తర్వాత తలను నెమ్మదిగా గుండెల మీదికి వాల్చి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్ది, చేతులు వెనక్కి తీసుకుంది. కత్తెరా సూదుల పెట్టే సంచిలో వేసుకుంది. మేస్త్రీ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని తాబేలును వెల్లకిలా తిప్పాడు.

“వెళ్తున్నాను” అంది. తలుపు దగ్గర ఆగి మరీ అంది.

అతను తల ఎత్తలేదు. “విన్నాను” అన్నాడు.